ప్రయాణమునాటి చీపురు

ప్రయాణమునాడు మగవాని చేతిలో గడియారమును, ఆడుదాని చేతిలో చీపురును ఉండుట మన యిండ్లలో పాత యాచారము. ఆ యాచారమును నేనును పదునాలుగేండ్లు నిర్విచారముగా పాటించితిని. దానిని విడిచిన కథ చెప్పుకొనుట కొంత సిగ్గుగానే యున్నది. అయినను చదువరులలో నావంటివారు పలువురుందురను నమ్మకముతో చెప్పుచున్నాను.

మా కాపురము సంగారెడ్డి జిల్లాలోని కొల్లూరు. పటాన్‌చెరు కర్మాగారములలో నొకదానియందు నేను లెక్కలు వ్రాయువాడను. ఔటరు రింగురోడ్డు దాపున మా యపార్టుమెంటు. చుట్టును క్రొత్త కట్టడములు లేచుచున్నవి. ఉదయము తుడిచిన బల్లపై సాయంకాలమునకు వ్రేలితో పేరు వ్రాయవచ్చును. వేసవి సెలవులలో లింగంపల్లిలో రైలెక్కి, మా యత్తవారి యూరైన కాకినాడకు పోయి, పదునైదు దినములుండి వచ్చుట మాకు వాడుక.

నిరుడు రైలు రాత్రికి. నా భార్య తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచెను. ఫ్రిజ్జు ఖాళీచేసి తుడిచెను. మిగిలిన పాలును కూరలును ఇరుగుపొరుగులకు పంచెను. బియ్యపుడబ్బాలో వేపాకు వేసెను. దుప్పట్లును తెరలును ఉతికెను. వంటగట్టు కడిగెను. దారిలో తినుటకు నలుగురికి పులిహోర కలిపెను. దీపములు పెట్టిన పిదప ఊడ్వరాదు. ఇంటివారు ప్రయాణమై పోయిన వెంటనే ఊడ్వరాదు. ఈ రెండు ‘రాదు’ల నడుమ ఆమె దినమంతయు నలిగెను. నేనేమి చేసితిని? మూడు పెట్టెలకు తాళములు వేసి, అరగంటకొకమారు “ఇంకెంతసేపు?” అని యడిగితిని.

మా చిన్నది మాత్రము ఒక మంచి ప్రశ్న వేసెను. “మనం ఉండని ఇంటిని ఎవరు చూస్తారని ఇంత తుడుస్తున్నావమ్మా?” అనెను. “అలిసిపోయి తిరిగొచ్చే మనమే చూస్తాం తల్లీ” అని నా భార్య బదులు చెప్పెను. ఆ మాటలో తప్పులేదు. శుభ్రమైన యింటికి మరలివచ్చుట గొప్ప సుఖము. అయితే ఆ సుఖము నలుగురిది, శ్రమ యొకరిది.

రైలులో ఆమె పులిహోర ముట్టలేదు. నడుము పట్టుకొని యొరిగినది కాకినాడ వచ్చువరకు లేవలేదు. అక్కడ నాలుగు దినములు జ్వరము. మా యత్తగారు నిష్ఠురమాడు మనిషి కారు. ఆమెయే ఒకనాడు కాఫీ యిచ్చుచు, “ఏం బాబూ, మా అమ్మాయి సెలవుకొచ్చిందా, వైద్యానికొచ్చిందా?” అని మెల్లగా నడిగెను. నాకు సమాధానము తోచలేదు.

లెక్కలు నా వృత్తి గనుక ఇంటి లెక్కయు చూడబుద్ధి పుట్టెను. 2024లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతములేని యింటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును దానికి వెచ్చించుచున్నారని తేలినది. ఆ 88 నిమిషములైనను నా పేర వ్రాసుకొనుటకు నాకు ధైర్యము చాలలేదు. 1902లో ‘హిందూసుందరి’, 1928లో ‘గృహలక్ష్మి’ వెలసినది మొదలు ఇల్లు దిద్దుకొను పాఠములు మన భాషలో స్త్రీలకు విరివిగా వచ్చినవి. పురుషునకు వచ్చినవి వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

ఈ యేడు ప్రయాణమునకు మూడు దినములు ముందే నలుగురమును కూర్చుండి, వలసిన పని యేది, లోకుల మాటకు వెరచి చేయుపని యేది అని విడదీసితిమి. తెరలుతుకుట, అటకమీది యిత్తడి తోముట రెండవ తెగలో చేరెను; వానిని మానితిమి. నీరు నిలువయుండనీయకుండుట మొదటి తెగలో మొదటిది. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ గ్రుడ్డునుండి రెక్కల పురుగగుటకు ఇంచుమించు వారము పది దినములు చాలును. మనము లేని పదునైదు దినములు దానికి పుష్కలము. నీరు పారబోసినంతనే చాలదు. గ్రుడ్లు పాత్ర గోడకంటుకొని, ఎండినను నెలలతరబడి బ్రదికియుండును, కనుక తోమవలయును. ఆ పని, అనగా కూలరు తొట్టియు కుండీలక్రింది పళ్ళెములును తోముట, మా అబ్బాయి వంతు. తడిచెత్త పారవేయుట, గ్యాసు కట్టుట, స్నానాలగది కడుగుట నా వంతు.

నేను మోకాళ్ళమీద స్నానాలగది తోముచుండగా మా యింట పనిచేయునామె చూచి నవ్వెను. ఆమె కొల్లూరులోని రెండుగదుల యిండ్ల కాలనీలో నుండును. 2023 జూన్ 22న ప్రారంభమైన ఆ కాలనీలో 15,660 ఇండ్లు కలవు. సొంతయిల్లు దొరకినది గాని, నగరములో ఏండ్లతరబడి చేసిన పనులు దూరమై పోయినవి. ఇప్పుడామెకు మావంటి యైదిండ్లే యాధారము. “మీరంతా ఊళ్ళకు పోతున్రు. మీకు సెలవులొస్తే మాకు పస్తులొస్తయి సారూ” అని ఆమె నవ్వుచునే యనెను.

నా చేతిలోని బ్రష్షు నిలిచెను. నిరుడు మేము లేని పదునైదు దినముల జీతము తగ్గించి యిచ్చిన లెక్క వ్రాసినవాడను నేనే. అయిదిండ్ల తాళములును ఆమె పొయ్యికే పడినవి. కర్మాగారములో నాకు సెలవు దినముల జీతము తెగదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికునకు ఇరువది దినముల పనికి ఒక దినము చొప్పున జీతముతోడి సెలవు హక్కుగా నిచ్చెను. ఇంటిలో పనిచేయునామె దాని నీడకు రాలేదు. 2011లో అంతర్జాతీయ కార్మికసంస్థ గృహకార్మికులకై 189వ ఒడంబడికను ఆమోదించెను. మన దేశము దానిని నేటికిని ధ్రువీకరింపలేదు. సరే, చట్టము వచ్చునప్పుడు వచ్చును. అంతవరకు గృహస్థు చేయి పట్టుకొని ఆపినవారెవరు? నిరుడు తగ్గించిన దానితోకూడ నిండు జీతము ఆ సాయంకాలమే యిచ్చితిమి. అది దానము కాదు, బాకీ.

ప్రయాణమునాడు దీపములు పెట్టినపిదప, పులిహోర మెతుకులు క్రిందపడియుండగా చూచి, చీపురు నేనే తీసికొంటిని. “ఇప్పుడా? లక్ష్మి వెళ్ళిపోతుంది!” అని నా భార్య యనెను. ఊడ్చితిని. లక్ష్మి ఎక్కడికిని పోలేదు. ప్రక్కగదిలో పడుకొని రైలువేళవరకు గంటసేపు నిద్రపోయెను.

కాకినాడలో ఈమారు జ్వరము లేదు. తిరిగివచ్చి తలుపు తెరచినప్పుడు బల్లపై ధూళి యుండెను. నేను ఊడ్చిన గదిలో మూలలన్నియు మిగిలియుండెను. వానిని చూపి ఆమె చాలసేపు నవ్వెను. వచ్చు వేసవికి మూలలును నేర్చుకొందును.