ఎముకల ఆర్డీ

నొప్పి ఉన్న జబ్బుకు డబ్బు తీయడానికి చెయ్యి వెనకాడదు. పన్ను సలిపితే ఎంతైనా ఇచ్చి ఆ పూటే పీకించుకుంటాం. ఎముకలు గుల్లబారే జబ్బు అలాంటిది కాదు. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉంటుంది. ఏదో ఒకటి విరిగాక గానీ బయటపడదు. ఏ నొప్పీ లేనప్పుడు వేలకు వేలు పోసి ఇంజక్షన్ వేయించుకోమంటే 'ఇప్పుడు నాకేమైందని?' అనిపించడం సహజం. పైగా ఆ ఇంజక్షన్ల గురించి చెవిన పడే మాటలు: దవడ ఎముక కుళ్లిపోతుందట, తొడ ఎముక దానంతటదే విరుగుతుందట, కిడ్నీలు పాడవుతాయట. ఇటు ఖర్చు, అటు భయం. రెండింటి మధ్యా నలిగి ఎంతోమంది ఆడవాళ్లు డాక్టరు చీటీని బీరువాలో పాస్‌బుక్కుల కింద పెట్టేసి ఊరుకుంటారు. నేను కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేశాను.

ఆ లెక్క అర్థం కావాలంటే మా ఇంటి రాబడి తెలియాలి. మా ఆయన ప్రైవేటు కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. ఈపీఎస్ పెన్షన్ నెలకు మూడు వేల లోపే. చేతికొచ్చిన డబ్బులో 15 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేశాం. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 30,750 రూపాయలు పడతాయి. హనుమకొండలో సొంతిల్లు, పై వాటాకు అద్దె వస్తుంది. పిల్లలు పంపుతామంటారు, ఇప్పుడే వద్దంటాం. అంటే మాకు లోటు లేదు గానీ, కొత్తగా ఏ ఖర్చు వచ్చినా దేన్నో ఒకదాన్ని పక్కకు జరపాలి.

పెరట్లో బట్టలు ఆరేస్తూ తడి బండ మీద జారి, చెయ్యి ఆనిస్తే కుడి మణికట్టు విరిగింది. "నిలబడ్డచోట జారిపడితేనే విరిగిందంటే ఎముకల్లో బలం ఎంతుందో చూడాలమ్మా" అని డాక్టరు డెక్సా స్కాన్ రాశారు. వెన్నుపూసల దగ్గర టి స్కోర్ మైనస్ 3.1 వచ్చింది. మైనస్ 2.5గానీ, అంతకన్నా తక్కువగానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ కిందే లెక్క. మన వైపు ఆడవాళ్లకు ఇది వింతేమీ కాదు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల ఆడవాళ్ల మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఎముకల సాంద్రత తక్కువగా ఉన్నట్టు తేలింది. ఎండకు కొదవలేని మన నేలలో కూడా విటమిన్ డి లోపం విస్తారంగా ఉందని, తిండిలో కాల్షియం చాలడం లేదని తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో చూపించారు.

చికిత్సల్లో అన్నిటికన్నా చౌకైనది వారానికొక అలెండ్రోనేట్ మాత్ర. నెలకు కొన్ని వందలతో సరిపోతుంది. పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పాటు నడుం వాల్చకూడదు. నాకు ముందునుంచీ గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. అన్నవాహికకు పుండు పడే ప్రమాదం ఉందని డాక్టరు ఆ దారి మూసేశారు. మిగిలినవి మూడు రకాల ఇంజక్షన్లు. నాకు చెప్పిన ధరలు రాస్తున్నాను. ఊరిని బట్టి, బ్రాండును బట్టి ఇవి మారతాయి.

మొదటిది జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు, కనీసం పావుగంట పడుతుంది. మందు, పరీక్షలు, ఆస్పత్రి ఖర్చు కలిపి ఏడాదికి 11 వేల చిల్లర. రెండోది డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాములు. ఆరు నెలలకోసారి చర్మం కింద వేస్తారు. ఒక్కోటి 12 వేలు, ఏడాదికి 24 వేలు. మూడోది టెరిపారటైడ్. రోజూ ఎవరికి వారే పొడుచుకునే పెన్ను. ఫ్రిజ్‌లో ఉంచాలి, రెండేళ్లకు మించి సాధారణంగా వాడరు. నెలకు 5,500 చొప్పున రెండేళ్లకు 1,32,000.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఒక్క ఇంజక్షన్ ధర పక్కన ఇంకో ఇంజక్షన్ ధర పెట్టి చూసుకుంటారు. నేను డాక్టరును అడిగిన ప్రశ్న వేరు: "సార్, మొదలుపెట్టాక ఆపాలంటే ఎలా ఆపాలి? దానికెంత అవుతుంది?"

ఆ ప్రశ్నతో లెక్క మొత్తం తారుమారైంది. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎముకల్లోకి ఇంకి చాలాకాలం ఉండిపోతుంది. మూడేళ్లు వేశాక, ముప్పు మరీ ఎక్కువగా లేనివాళ్లకు డాక్టర్లు కొంతకాలం విరామం ఇవ్వగలరు. డెనోసుమాబ్ అలా నిలవ ఉండదు. ఆపితే కూడబెట్టుకున్న బలం వేగంగా కరిగిపోతుంది, కొందరికి ఒకటి కాదు, నాలుగైదు వెన్నుపూసలు వరుసగా నలిగిపోతాయి. అందుకే దాన్ని మానేసేటప్పుడు వెనకాలే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందు ఇవ్వాల్సిందే. చిట్‌ఫండ్ చీటీలో చేరినట్టే అది. మధ్యలో మానేస్తే నష్టం మనకే. టెరిపారటైడ్‌కూ అంతే, రెండేళ్లయ్యాక ఇంకో మందు అందుకోకపోతే పెట్టిన లక్షా ముప్పై వేలూ నీళ్లపాలు.

ఇది నేను కాగితం మీద తెలుసుకున్నది కాదు. మా తోడికోడలు డెనోసుమాబ్ మీద ఉంది. కోడలి పురిటికి అమెరికా వెళ్లింది. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లను అక్కడ మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఇంజక్షనూ ఆరు నెలలకోసారే. వెళ్లే ముందు వేయించుకుని ఉంటే గడువు సరిపోయేది. ఈమెకు మధ్యలో పడింది. అక్కడ ఒక్క డోసుకు వెయ్యి డాలర్ల పైమాటే. ముందునుంచీ ఉన్న జబ్బుకు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇవ్వదు. కొడుకు వేయిస్తానన్నా "ఇండియా వెళ్లాక చూసుకుందాంలే నాయనా" అంది. తిరిగొచ్చాక మనవణ్ని ఎత్తుకున్న నడుం నొప్పే అనుకుంది. ఎక్స్‌రేలో రెండు పూసలు నలిగి కనిపించాయి. "చెప్పినవాళ్లు లేరక్కా, ఆరు నెలలకోసారి వేసుకోమన్నారు గానీ, తప్పితే ఏమవుతుందో చెప్పలేదు" అంటుంది ఇప్పటికీ. బెల్టు, ఫిజియోథెరపీ, మందులు కలిపి అయిన ఖర్చు ముందు ఆ వెయ్యి డాలర్లు ఎక్కువేమీ కాదు.

ఇక దుష్ఫలితాల సంగతి. భయాలను కొట్టిపారేయకుండా ఒక్కొక్కదాన్నీ పక్కన అంకె పెట్టి చూశాను. దవడ ఎముక దెబ్బతినడం నిజమే. కానీ ఆ వార్తల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ రోగులవి. ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు జోలెడ్రోనిక్ యాసిడ్‌నే 4 మిల్లీగ్రాములు మూడు, నాలుగు వారాలకోసారి ఎక్కిస్తారు. ఏడాదికి చూస్తే మాకిచ్చే దానికి పది రెట్ల పైమాటే. ఆస్టియోపోరోసిస్ మోతాదులో ఆ ప్రమాదం ఏడాదికి పదివేల మందిలో ఒకరికి మించదని అంతర్జాతీయ నిపుణుల అంచనా. తొడ ఎముక వింతగా విరగడం కూడా అరుదే గానీ, వాడిన ఏళ్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. విరామం ఇచ్చేది అందుకే. గజ్జల్లోనో తొడలోనో కొత్తగా నొప్పి వస్తే దాచుకోకుండా చెప్పమన్నారు. కిడ్నీల విషయంలో మాత్రం భయం కాదు, నియమం ఉంది: క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కన్నా తక్కువుంటే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇవ్వకూడదు. అలాంటివాళ్లకు డెనోసుమాబ్ పనికొస్తుంది గానీ, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చని 2024 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ తీవ్ర హెచ్చరిక జోడించింది.

అటు పళ్లెంలో ఏముందో కూడా చూడాలి కదా. 2007లో అచ్చయిన పెద్ద పరీక్షలో ఏడు వేల ఏడు వందల పైచిలుకు మంది మహిళలను మూడేళ్లు గమనించారు. ఉత్త సెలైన్ ఎక్కించినవాళ్లలో 10.9 శాతం మందికి వెన్నుపూసలు నలిగితే, జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించినవాళ్లలో 3.3 శాతం మందికే నలిగాయి. తుంటి విరిగినవాళ్లు 2.5 శాతం నుంచి 1.4కు తగ్గారు. తుంటి అంకె చూడ్డానికి చిన్నదే. కానీ తుంటి విరిగిన పెద్దవాళ్లలో దాదాపు ఐదింట ఒక వంతు మంది ఏడాది తిరక్కుండానే పోతున్నారు. బతికినవాళ్లకు ఆపరేషను, మంచం, మనిషి సాయం. మా వీధిలో మంచాన పడ్డవాళ్లకు ఆయాను పెడితే నెలకు పదిహేను వేలకు తక్కువ లేదు. మూడేళ్ల నా మందు ఖర్చు ఆ జీతంలో రెండు నెలల పైచిలుకు.

నేను జోలెడ్రోనిక్ యాసిడే ఎంచుకున్నాను. నాకు చౌకైంది కాబట్టి అందరికీ అదే మంచిదని కాదు. చాలా పూసలు విరిగినవాళ్లకు ముందు టెరిపారటైడ్ మేలు కావచ్చు. నా కిడ్నీలు బాగున్నాయి, మేమేమో ఏడాదిలో కొన్ని నెలలు పిల్లల దగ్గరుంటాం. ఏడాదికోసారి వేసేది మా బతుక్కి కుదిరింది.

వెయ్యడానికి ముందు పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లి కదిలే పన్ను తీయించుకుని, అది మానేదాకా ఆగాను. విటమిన్ డి తక్కువుంటే వారానికోసారి 60 వేల యూనిట్ల గుళికలు వేసుకున్నాను. కాల్షియం, విటమిన్ డి సరిచేయకుండా ఈ మందు ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోతుంది. మందుల షాపులో ఒకే మందు బ్రాండ్ల మధ్య రెట్టింపు తేడా ఉంది. కౌంటరు మీది కుర్రాడు ఒక చిన్న సీసా ముందుకు జరిపి, "అమ్మా, ఇదైతే సగానికే వస్తుంది, మందు అదే" అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే పెట్టె మీద 4 మిల్లీగ్రాములు. "బాబూ, చీటీలో 5 ఉంది" అని తిరిగిచ్చేశాను. బ్రాండు మార్చుకోవచ్చు, డాక్టరును అడిగి. మోతాదు షాపులో మారదు.

చివరికి బిల్లు ఇలా తేలింది: మందు 6,400, డే కేర్ 2,200, రక్తపరీక్షలు 1,900, పళ్ల డాక్టరు 800. మొత్తం 11,300. ఆ సాయంత్రం నుంచి చలి, జ్వరం, ఒళ్లంతా సమ్మెట దెబ్బలు తిన్నట్టు నొప్పులు. మొదటిసారి దాదాపు మూడింట ఒక వంతు మందికి ఇలా వస్తుందని, తర్వాతి ఏడు తగ్గుతుందని ముందే చెప్పారు. పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు బాగా తాగి పడుకున్నాను. తగ్గిపోయింది.

ఇన్సూరెన్స్ ఏమైనా ఇస్తుందా అని కనుక్కున్నాం. తుంటి విరిగి ఆపరేషనైతే మా పాలసీ లక్షలు ఇస్తుంది. విరక్కుండా వేసే ఇంజక్షన్‌కు, అడ్మిషన్ లేదు కాబట్టి, రూపాయి ఇవ్వదు. "ఒక రాత్రి ఉంచినట్టు రాయిస్తే క్లెయిమ్ అయిపోతుంది" అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. పదకొండు వేల కోసం అబద్ధం రాయించి, రేపు నిజంగా అవసరమైనప్పుడు పాలసీయే రద్దయితే? వద్దన్నాం. అయితే ఊరట లేకపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద ఉన్న 18 శాతం పూర్తిగా పోయింది. ఆరోగ్య పాలసీ లేని 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల వైద్యానికి పిల్లలు పెట్టే ఖర్చులో 50 వేల వరకు, పాత పన్ను విధానంలో 80డి పేరుతో మినహాయింపు దొరుకుతూ వచ్చింది. షరతు ఒక్కటే: నగదు ఇవ్వకూడదు. యూపీఐతోనో కార్డుతోనో కట్టి బిల్లు దాచుకోవాలి.

మిగిలిన సర్దుబాటు చిన్నదే. బ్యాంకులో నెలకు వెయ్యి రూపాయల ఆర్డీ, పన్నెండు నెలలకు. ఇంజక్షన్ వేయించుకోవాల్సిన నెలకే అది చేతికొస్తుంది. మా ఆయన పాస్‌బుక్ అట్ట మీద 'ఎముకల ఆర్డీ' అని రాశారు. నెలకో సినిమా, ఒక హోటలు భోజనం తగ్గాయి. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు, జారని చాపలు, రాత్రి వెలిగే చిన్న బల్బు పెట్టించాం. ఇవి ఒక్కసారి ఖర్చే. పీరియడ్స్ ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. పెరుగు, రాగి జావ, నువ్వులు మా ఇంట్లో మళ్లీ రోజువారీ అయ్యాయి. చాలని దానికి జన ఔషధి కేంద్రంలో కొన్న మాత్రలు.

మీ చేతిలో గానీ, మీ అమ్మ చేతిలో గానీ ఇలాంటి చీటీ ఉంటే, భయపడి దాచేయకండి, ధర చూసి తొందరపడీ ఎంచుకోకండి. మొదటి ఇంజక్షన్‌కు ముందే డాక్టరును మూడు మాటలు అడగండి: ఎన్నేళ్లు వేయాలి, ఒక డోసు తప్పితే ఏమవుతుంది, ఆపేటప్పుడు ఏ మందుతో ఆపుతారు. జవాబులు చీటీ వెనక రాయించుకోండి. ఆ ఏళ్లన్నిటికీ సరిపడా డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో తేలాకే మొదలుపెట్టండి. మొదలుపెట్టాక మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఒక్క డోసూ మానకండి.