సెంట్రల్ పార్కులో ఉడతల వసూళ్లు

'ఉడత ఊపులకు చింతకాయలు రాలతాయా?' అని మన పెద్దోళ్లు అంటుంటారు కదా. రాలతాయండీ! కాకపోతే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో. అవి చింతకాయలు కావు, పల్లీలు. రాలేది కొమ్మ మీంచి కాదు, మన చేతుల్లోంచి.

మన ఉడత సంగతి తెలిసిందే. జామచెట్టు మీద కనిపిస్తుంది, ఫోన్ తీసేలోపు మాయం. అరచేతిలో ఇమిడేంత ప్రాణి, మహా బిడియం. ఇక్కడుండేది వేరే జాతి, బూడిద రంగు ఉడత. దాదాపు అరకిలో బరువు, సీసాలు కడిగే బ్రష్షులాంటి తోక. బిడియం అన్న మాటే దానికి తెలీదు.

ఈ పార్కులో 'ది మాల్' అని ఒక వెడల్పాటి బాట ఉంది. రెండు వైపులా పెద్ద పెద్ద ఎల్మ్ చెట్లు, వాటి కింద వరసగా బెంచీలు. నేను సెలవు రోజుల్లో వెళ్లి కూర్చునేది అక్కడే. ఓసారి బెంచీకి ఆ చివర ఒక ఉడత వచ్చి కూర్చుంది. ముందుకాళ్లు గుండెలకు ఆనించి, వడ్డీ వసూలుకొచ్చిన మనిషిలా నన్నే చూస్తోంది. నా దగ్గర కాఫీ తప్ప ఏమీ లేదు. నమ్మలేదు. కప్పు వాసన చూసింది. తర్వాత బ్యాగు దగ్గరికెళ్లి జిప్పు మీద చెయ్యేసింది. సోదా పూర్తయ్యాక, నీలాంటి వాళ్లను చాలామందిని చూశాలే అన్నట్టు తోక ఒక్కసారి విదిలించి వెళ్లిపోయింది.

రాజమండ్రి నుంచి అమ్మ వచ్చినప్పుడు మాతో పాటు జంతికల డబ్బా కూడా పార్కుకొచ్చింది. మూత చప్పుడుకే ఒక ఉడత హాజరు.

"ఏరా, దీని వీపు మీద చారలేవి?"

"ఉండవమ్మా. ఇది అమెరికా ఉడత."

"అదీ సంగతి! రాముడి చెయ్యి పడలేదన్నమాట. పడుంటే ఇంత పొగరుండేది కాదు" అంటూ డబ్బా ఒళ్లోకి లాక్కుంది. ఉడత కదల్లేదు. ముందు "పోవే" అన్న అమ్మ, ఐదు నిమిషాలయ్యాక "వెళ్లు తల్లీ" అనడం మొదలుపెట్టింది. భయమో, భక్తో!

ఇంకో రోజు ఒక టూరిస్టు కుర్రాడు పల్లీ చూపిస్తూ సెల్ఫీ వీడియోకి రెడీ అయ్యాడు. ఉడత ఆగలేదు. జీన్స్ ప్యాంటు పట్టుకుని భుజం దాకా ఎక్కేసింది. పల్లీ ఉడత నోట్లో, ఫోన్ గడ్డిలో. వీడియోలో మిగిలింది వాడి కేకే!

ఇంత ధైర్యం పుట్టుకతో వచ్చింది కాదు. 1856లో ఇదే న్యూయార్క్‌లో సిటీ హాల్ దగ్గర ఒక పెంపుడు ఉడత తప్పించుకుని చెట్టెక్కితే, చూడ్డానికి జనం గుంపులుగా మూగారు. అది పేపర్లో వార్త కూడా అయింది. ఊరి నడిబొడ్డున ఉడత అప్పట్లో అంత వింత! ఉడతలు ఉంటే పార్కులు అందంగా ఉంటాయని మనుషులే వాటిని తెచ్చి వదిలారు. 1847లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లో మూడు ఉడతల్ని వదిలి, తిండీ గూళ్లూ ఏర్పాటు చేశారు. 1870ల్లో సెంట్రల్ పార్కు వంతు వచ్చింది. 2018 అక్టోబరులో 323 మంది వాలంటీర్లు ఇక్కడ ఉడతల జనాభా లెక్కలు తీస్తే, తేలిన అంచనా 2,373. ఏ ఉడత మనిషి దగ్గరికొస్తోంది, ఏది పారిపోతోంది, ఏది అసలు పట్టించుకోవట్లేదు అన్నది కూడా రాసుకున్నారు.

అంటే ఈ వసూళ్ల విద్య తరాల తరబడి మనుషులు నేర్పిందే. ఇప్పుడేమో తిండి పెట్టొద్దని పార్కు నిర్వాహకులే బతిమాలుతున్నారు. మనిషంటే భయం పోయిన ఉడతకు వేలికీ పల్లీకీ తేడా తెలియకపోతే, పళ్లు దిగేది వేలికే. పైగా మన చిప్స్ దానికి అక్కర్లేదు. ఓక్ కాయల్ని ఒక్కొక్కటిగా మట్టిలో దాచుకుంటుంది. పక్కన ఇంకో ఉడత చూస్తుంటే కాయ నోట్లోనే ఉంచుకుని, పూడ్చినట్టు నటిస్తుంది కూడా. దొంగకి దొంగ భయం! మర్చిపోయిన కాయలు కొన్ని మొక్కలై లేస్తాయి.

వెళ్లేవాళ్లు అక్టోబరు, నవంబరుల్లో వెళ్లండి. ఆకులు రంగులు మారుతుంటాయి, ఉడతలు చలికాలం సరుకు దాచే హడావిడిలో ఉంటాయి. బ్యాగు జిప్పు పూర్తిగా వేసుకోండి. అది వచ్చి చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చుంటే కరిగిపోకుండా, ఖాళీ చేతులు చూపించండి. ఒకసారి ఎగాదిగా చూసి, పక్క బెంచీ వాళ్ల దగ్గరికి వసూలుకెళ్తుంది.