ఒకే ఫైలు, రెండు లెక్కలు

సి భాష నేర్చుకొనే మిత్రులు హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలను అంతగా పట్టించుకోరు. పైన ఇన్‌క్లూడ్ అని ఒకటి రాసి ముందుకు సాగిపోతారు. కాని ఆ గుర్తు వెనక ప్రీప్రాసెసర్ అనే జల్లెడ ఒకటున్నది. కంపైలర్ కంటే ముందే అది ఫైలంతా చదివి, వద్దన్న భాగాన్ని పక్కకు తీస్తుంది. 1972-73 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ దీనిని సి భాషకు చేర్చినప్పుడు ఫైళ్ళను కలపడం, మాటకు బదులు మాట పెట్టడం వరకే దాని పని. షరతు పెట్టి ఏరడం తరువాత మైక్ లెస్క్, జాన్ రైజర్‌ల చేతిలో వచ్చింది.

మాది బిచ్కుంద, నల్లరేగడి సేద్యం. మేనత్తను దెగ్లూర్ దిక్కు ఇచ్చినారు. దూరం కాదు గాని అది మహారాష్ట్ర. మా పాసుబుక్కులో ఎకరాలు, గుంటలు. ఆమె సాత్‌బారాలో హెక్టార్లు, ఆర్‌లు. గుంట 101.17 చదరపు మీటర్లు, ఆర్ సరిగ్గా 100. మాటల్లో రెండూ ఒకటే అనుకుంటారు. కాని హెక్టారుకు వచ్చేది 98.84 గుంటలే. మా దిక్కు గుంట జాగకే గెట్టు పంచాయతీలైతయి!

అత్త కొడుకులు భూమి పంచుకుంటున్నారని బాపు నన్ను లెక్క కట్టమన్నాడు. వాటాల ప్రోగ్రాం రాశాను. ఇఫ్‌డెఫ్ మహారాష్ట్ర అన్నచోట అత్త లెక్క, ఎల్స్ కింద మాది, చివర ఎండిఫ్. కంపైల్ చేసేటప్పుడు ఆ పేరు ఇస్తే ఆమెది, ఇవ్వకుంటే మాది తయారవుతుంది. నిజానికి ఇంత చిన్నదానికి మామూలు ఇఫ్ చాలు. రకరకాల ప్రాసెసర్ల మీద నడిచే లినక్స్ కెర్నెల్ వంటి వాటికే ఇది తప్పనిసరి. నేర్చుకోవడానికి నేను ఇదే పట్టుకున్నాను.

ఇందులో ఒక చిక్కున్నది. ఏరివేసిన భాగం వ్యాకరణాన్ని కంపైలర్ చూడదు. సెమికోలన్ లేకున్నా, లేని వేరియబుల్ పేరు రాసినా నోరు మెదపదు. రోజూ మా లెక్కే కంపైల్ చేస్తుంటే అత్త సగంలో ఎన్ని తప్పులున్నా బయటపడవు. అందుకే ఏ వరుస మార్చినా రెండు తీర్లా కంపైల్ చేయాలి.

ఇదంతా బాపుకు చెప్పిన.

"గట్లయితే అత్తదాన్ని మిషన్ సూడనే సూడదా?"

"పేరు చెప్తేనే చూస్తది బాపూ."

"మరి ముందుగాల అత్తదే సూపియ్యి. మనది ఎట్లయినా సూస్తనే ఉంటవు."