నోర్ముయ్ అనని క్లాసు

"మరి ఐగుప్తు పిల్లలేం తప్పు చేశారు? దేవుడు వాళ్లనెందుకు చంపాడు?"

అడిగినవాడికి తొమ్మిదేళ్లుంటాయి. చెయ్యెత్తలేదు. లేచి నిలబడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లూపుకుంటూ అడిగేశాడు. అదీ దేవుడి గురించి, దేవుడి మందిరంలోనే! నా గుండె గుభేలుమంది. వీడి పని అయిపోయింది అనుకుంటూ టీచరు వైపు చూశాను.

అక్క గృహప్రవేశానికని అమెరికా వెళ్లాను. వాళ్లుండేది ఫిలడెల్ఫియా శివార్లలో. పక్కింటావిడ యూదు. ఆదివారాలు వాళ్ల ప్రార్థనా మందిరంలో పిల్లలకు మతపాఠాలు చెబుతుంది. నేను పత్రికలో పనిచేస్తానని తెలిసి "ఓసారి వచ్చి చూస్తారా?" అంది. పస్కా పండగ ఇంకో రెండు వారాలుందనగా వెళ్లాను.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నడుముకు తుపాకీతో గార్డు. నా బ్యాగు తెరిచి చూశాడు. చిన్నపిల్లల బడికి ఇదేమిటి? 2018 అక్టోబరులో ఇదే రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌లో ఒకడు సినగాగ్‌లోకి చొరబడి 11 మందిని కాల్చి చంపాడు. పిల్లలు మాత్రం గార్డుకి చెయ్యి ఊపేసి లోపలికి పరిగెడుతున్నారు. వాళ్లకది అలవాటైపోయినట్టుంది. నాకు కాలేదు.

క్లాసులో పద్దెనిమిది మంది. ముందుగా ఓ డబ్బా తిరిగింది. తలా ఓ నాణెం వేశారు. 'దానం అన్నమాట' అనుకున్నాను. కాదట. 'సెదాకా' అనే ఆ హీబ్రూ మాట 'న్యాయం' అన్న అర్థమిచ్చే ధాతువులోంచి వచ్చిందట. ఇవ్వడం మన గొప్పతనం కాదు, అవతలివాడికి చెందాల్సింది చెందడం. ఆరేళ్ల పిల్లలకు ఈ తేడా చెబుతారు.

తర్వాత అక్షరాలు. మొత్తం 22. కుడి నుంచి ఎడమకు రాయాలి. మొదటి అక్షరం ఆలెఫ్‌కి సొంత శబ్దమే లేదు! పిల్లల పుస్తకంలో అచ్చుల కోసం చుక్కలూ గీతలూ ఉంటాయి. మందిరంలో చదివే తోరా చుట్టలో అవీ ఉండవు. మన గుణింతాలన్నీ తీసేసి 'కట' అని రాస్తే అది కోటో, కాటో, కూటో మనమే పోల్చుకోవాలి చూడండి... అలా. వెనకటికి ఐరోపాలో పలక మీది అక్షరాలకు తేనె రాసి పిల్లలతో నాకించేవారని టీచరు చెప్పగానే, "మాకెందుకు రాయరు?" అని ఓ అమ్మాయి నిలదీసింది. మన అక్షరాభ్యాసంలో బియ్యం గుర్తొచ్చాయి.

అంతా ముచ్చటగా ఉందని చెప్పను. సగంమంది గడియారం చూస్తూనే ఉన్నారు. ప్రార్థనలు గడగడా చదివేస్తారు. అర్థం అడిగితే దిక్కులు చూస్తారు. మన పిల్లల శ్లోకాల సంగతీ ఇంతే కదా! 13 ఏళ్లొచ్చి 'బార్ మిత్స్వా' వేడుక అయిందంటే చాలామంది మళ్లీ ఈ క్లాసు మొహం చూడరని టీచరే ఒప్పుకుంది. ఛాందసులు నడిపే బడుల తీరు వేరు, అక్కడ క్రమశిక్షణ గట్టిగానే ఉంటుందని కూడా చెప్పింది. ఇక లోతైన చదువు శతాబ్దాలపాటు మగపిల్లలదే. అమెరికాలో ఒక ఆడపిల్లకు ఆ వేడుక మొదటిసారి జరిగింది 1922లో.

అన్నట్టు, అమెరికాలో యూదు పిల్లలకు ఆదివారం బడి మొదలైంది ఈ ఫిలడెల్ఫియాలోనే. 1838లో రెబెకా గ్రాట్జ్ అనే ఆవిడ పెట్టింది. అప్పటికి వాళ్లకు సరైన పాఠ్యపుస్తకాలు లేవు. క్రైస్తవుల సండే స్కూలు పుస్తకాలే తెచ్చి, తమకు పనికిరాని జవాబుల మీద కాగితం అతికించి చదివించేవారట. పిల్లలు ఆ కాగితాలు గీకి చూసే ఉంటారని నా అనుమానం. తాల్ముడ్ గ్రంథమైతే ఇంకా వెనక్కి వెళ్లి, ఒక పంతులుకు పాతికమంది పిల్లలు, నలభై అయితే సహాయకుడు, యాభై అయితే ఇద్దరు పంతుళ్లు అని లెక్క కట్టేసింది. నేను చదివిన ఆరో తరగతిలో అరవై రెండు మందిమి, ఒక్క మాస్టారు.

సరే, ఆ పిల్లాడి ప్రశ్న దగ్గరకొద్దాం.

ఆరోజు పాఠం మోషే కథ. ఐగుప్తు రాజు ఫరో యూదుల్ని బానిసత్వం నుంచి వదలనంటాడు. ఆ దేశం మీదికి దేవుడు పది తెగుళ్లు పంపుతాడు. పదోది, ఐగుప్తీయుల ప్రతి ఇంట్లో తొలిచూలు బిడ్డ చావడం. వాడు అడిగింది దాని గురించే. వాడూ వాళ్లింట్లో పెద్దకొడుకేనట.

టీచరు కోప్పడలేదు. "ఈ ప్రశ్న పెద్దవాళ్లనీ వదలలేదు. నా దగ్గర పూర్తి జవాబు లేదు" అంది. తర్వాత, పండగ రాత్రి పది తెగుళ్ల పేర్లు చదువుతూ ఒక్కోదానికి గిన్నెలోంచి ఒక్కో చుక్క ద్రాక్షరసం ఎందుకు తీసేస్తారో చెప్పింది. శత్రువు ఏడ్చిన చోట మన గిన్నె నిండుగా ఉండకూడదని. సముద్రంలో ఫరో సైన్యం మునిగిపోతుంటే దేవదూతలు పాటెత్తుకోబోయారట. నేను పుట్టించినవాళ్లు చస్తుంటే మీకు పాటలా అని దేవుడు ఆపేశాడట.

వాడు ఊరుకోలేదు. "అయితే ముందే ఆపొచ్చుగా!"

క్లాసంతా గొల్లుమంది. ఆవిడా నవ్వి, ఆ ప్రశ్నను బోర్డు మీద రాసింది. ఇంట్లో అందర్నీ అడిగి, ఎవరేమన్నారో వచ్చే ఆదివారం చెప్పాలంది.

అసలు ఆ పండగ రాత్రి కథ మొదలవ్వాలంటేనే ఎవరో ఒకరు ప్రశ్న వేయాలట. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు 'ఈ రాత్రి ఎందుకిలా?' అని నాలుగు ప్రశ్నలు పాడతారు. పిల్లలు లేకపోతే భార్య అడగాలి. ఒంటరివాడైతే తనను తానే అడుక్కోవాలి. పండగ పుస్తకంలో నలుగురు కొడుకులుంటారు. తెలివైనవాడు, పెడసరివాడు, అమాయకుడు, అడగడమే తెలియనివాడు. ఆ నాలుగోవాడి దగ్గర తల్లిదండ్రులే మాట మొదలుపెట్టాలని నియమం.

అక్కడ నాకు కూర్చోబుద్ధి కాలేదు.

కిందటేడు మా నాన్న పోయారు. పదోరోజు చెరువు గట్టున పిండం పెట్టి అందరం ఎదురుచూస్తున్నాం. ఎంతకీ కాకి ముట్టలేదు. పెద్దవాళ్లు తలా ఓ మాట అంటున్నారు... ఆయనకేదో కోరిక మిగిలిపోయిందని. మావాడికి ఎనిమిదేళ్లు. నా చీర కొంగు లాగి, "అమ్మా, తాతయ్య కాకి అయ్యాడా? మన మీద కోపమొచ్చి రావట్లేదా?" అన్నాడు. నలుగురూ చూస్తున్నారు. "నోర్ముయ్!" అని అరిచాను. వీపు మీద ఒకటి వేశాను కూడా. చిన్నప్పుడు నన్నూ 'అధిక ప్రసంగి' అంటూ క్లాసు బయట నిలబెట్టేవారు. అంతా మర్చిపోయి అదే చేశాను.

ఆ తర్వాత వాడు తాతయ్య మాట ఎత్తలేదు. ఫొటోకి దండ మారుస్తుంటే పక్క గదిలోకి వెళ్లిపోతాడు. చిన్నవాడు, మర్చిపోయాడులే అనుకున్నాను.

క్లాసయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర. కారు దగ్గరే నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. వాడు పడుకోబోతున్నాడు.

"నాన్నా, తాతయ్య పదోరోజు నువ్వు నన్నొకటి అడిగావు. గుర్తుందా? మళ్లీ అడుగు."

"ఏం అడిగాను?"

"చెరువు దగ్గర..."

కాసేపు మాట్లాడలేదు. "తెలీదు. నువ్వు కొట్టావు. అదే గుర్తుంది" అన్నాడు.

దూరంగా మెట్ల మీద, కాళ్లూపుకుంటూ అడిగిన పిల్లాడు వాళ్లమ్మతో ఏదో వాదిస్తూ దిగుతున్నాడు. ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"సరే, నువ్వేం అడిగావో నేనే చెప్తాను. విను. ఆరోజు కాకి ఎంతకీ రాలేదు చూడూ..."