నుమాయిష్‌లో సూదీదారం

హైదరాబాదులో చలికాలమంటే నుమాయిష్. ఏటా జనవరి 1న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మొదలై సుమారు నెలన్నర సాగే ఈ ప్రదర్శనకు నగరవాసులే కాదు, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుండి కూడా కుటుంబాలు పిల్లాజెల్లాతో తరలివస్తాయి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో దీనిని ప్రారంభించినప్పుడు పెట్టిన పేరు ‘నుమాయిష్ మస్నుఆతె ముల్కీ’. స్థానికంగా తయారైన వస్తువుల ప్రదర్శన అని దాని అర్థం. 1946లో అది నాంపల్లికి మారింది. కాలక్రమంలో పేరు కురచైంది, సరుకు మాత్రం కశ్మీరు దాకా విస్తరించింది.

పిల్లలకు నుమాయిష్ అంటే చిన్న రైలు, రంగులరాట్నం, పీచు మిఠాయి. ఎంబ్రాయిడరీ మీద మక్కువ గల స్త్రీకి అది మరొక లోకం. లక్నో చికన్‌కారీ, కశ్మీరీ సోజ్నీ ఒకే సాయంత్రం, నడిచి చేరుకోగలిగినంత దూరంలో దొరికే సందర్భం మనకు ఏడాదికొక్కసారే వస్తుంది. అయితే చంకలో రెండేళ్ళ బాబు, చేతిలో అయిదేళ్ళ పాప ఉన్న తల్లి ఆ దుకాణాల ముందు ఎంతసేపు నిలబడగలదు? మా నానీ నేర్పిన కుట్టుపని నాది. బాబు పుట్టాక ఆ ఫ్రేము బీరువా మీదికి చేరింది. చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి. ఇంటాయన అభిరుచికి ఆదివారం ఉంటుంది. ఇల్లాలి అభిరుచికి మాత్రం ‘తీరిక దొరికినప్పుడు’ అనే తేదీ లేని గడువే ఉంటుంది.

ముందు పిల్లల సరదా తీర్చి, తరువాత మన పని చూసుకోవాలని పెద్దలంటారు. నుమాయిష్ విషయంలో నేను దీనితో ఏకీభవించను. పిల్లల సరదా తీరేసరికి బాబు భుజం మీద నిద్రపోతాడు, పాప కాళ్ళనొప్పులంటుంది, దుకాణాల ముందు జనం మూడు వరుసలవుతారు. పైగా తెల్లబట్ట మీది తెల్లదారపు పనిని విద్యుద్దీపాల కింద పోల్చుకోలేము. దానికి పగటి వెలుగు కావాలి. రైలుకు, రంగులరాట్నానికి చీకటి పడ్డాకే అందం. అందువల్ల మేము అస్ర్ నమాజు కాగానే బయలుదేరి, గాంధీభవన్ మెట్రో స్టేషనులో దిగి, నేరుగా చికన్ దుకాణానికి వెళ్ళాము. అన్ని దుకాణాలూ తిరగాలన్న ఆశను ఇంటివద్దే వదిలేశాను. ఒక్కటే చూడాలి, తృప్తిగా చూడాలి.

దుకాణదారు లక్నో పెద్దమనిషి. ఇంకా ఉతకని ఒక కుర్తా గుడ్డను పాప ముందు పరిచాడు. దాని మీద కొయ్య అచ్చులతో వేసిన నీలిరంగు గీతలు అలాగే ఉన్నాయి.

“అమ్మీ, దీనికి మరకలయ్యాయి!” అంది పాప.

“మరకలు కాదు బేటీ, దారి. సూది ఈ దారిలోనే నడుస్తుంది. తరువాత ఉతికేస్తే దారి పోతుంది, పువ్వు మిగులుతుంది” అన్నాడాయన.

ఆ మాటతో పాప పావుగంట కదలలేదు. బియ్యపు గింజలా ఉబ్బిన కుట్టు ముర్రీ, అంతకన్నా చిన్న ముడి ఫందా. జాలీలో గుడ్డను ఎక్కడా కత్తిరించరు. పోగులను సూదితో పక్కకు జరిపి, బిగించి, వల కన్నుల వంటి రంధ్రాలను పుట్టిస్తారు. బఖియా నాకు అన్నిటికన్నా ఇష్టం. గుడ్డ వెనుకవైపు అడ్డదిడ్డంగా అల్లిన దారం, పలుచని వస్త్రం గుండా ముందువైపు నీడపువ్వులా కనిపిస్తుంది. కొనేవారు తప్పక గుడ్డను తిప్పి చూడాలి. చేతిపని అయితే వెనుక ముడులు, ఒక పువ్వు నుండి మరో పువ్వుకు దాటిన పోగులు ఉంటాయి. యంత్రపు పనిలో ప్రతి పువ్వూ అచ్చు గుద్దినట్లే ఉంటుంది. ఈ పని అధికభాగం లక్నో పరిసర గ్రామాల స్త్రీలు ఇంటిపట్టున, పిల్లలను చూసుకుంటూనే చేస్తారు. వారికి దక్కే కూలి స్వల్పమని తెలిసినవారు బేరం కాస్త మెల్లగా ఆడటం మేలు.

బాబు ఈలోగా రెండుసార్లు ఏడ్చాడు. ఒకసారి చెరకురసం, మరొకసారి వాళ్ళ బాబా భుజాలు పనిచేశాయి.

జనవరిలో మగ్రిబ్ ఆరు గంటల ప్రాంతంలోనే అవుతుంది. వంతులవారీగా నమాజు చేసుకొని వచ్చేసరికి దీపాలు వెలిగాయి, జనం పెరిగారు. తప్పిపోయిన పిల్లల గురించి మైకులో ప్రకటనలు కూడా మొదలయ్యాయి. ఇద్దరు పిల్లల జేబుల్లోనూ మా ఫోను నంబరు రాసిన చీటీలు ఇంటి దగ్గరే పెట్టాము. మా వారు వారిని రైలు వరుసలోకి తీసుకువెళ్తూ, “మీరు కశ్మీరీ శాలువాలు చూసి రండి, మాకు తొందర లేదు” అన్నారు. అర్ధగంట నా ఒక్కదానికే! సన్నని సూదితో చేసే సోజ్నీకీ, కొక్కెం వంటి ఆరీతో గొలుసుకుట్టుగా చేసే పనికీ తేడాను వేలితో తడిమి తెలుసుకున్నాను. కొన్నది శాలువా కాదు, ఒక మల్‌మల్ ముక్క, నాలుగు దారపు చుట్టలు.

తిరుగు ప్రయాణంలో మెట్రో కిటకిటలాడింది. బాబు నిద్రపోయాడు. పాప మాత్రం వాళ్ళ బాబా చొక్కా అంచును తిప్పి తిప్పి చూస్తోంది.

“ఏం వెతుకుతున్నావమ్మా?” అని ఆయన అడిగారు.

“ముడులు. ఇది మిషను పని బాబా!”