పిన్ని సముద్రం

సముద్రం చూడాలన్న మా పిన్ని కోరిక ఈనాటిది కాదు. మాచవరం విడిచి నరసరావుపేట దాటి ఆవిడ ఎరగదు. సూర్యలంక తీసుకుపోదామని ఈసారి నేను కారు మాట్లాడుకుని వెళితే, తన మోకాళ్ళు చూపించింది.

"ఇంకెక్కడి సముద్రం నాయనా!"

అరుగు మీద చతికిలబడ్డాం. ఆ నాపరాళ్ళు పీకించి గ్రానైటు వేయిస్తానని ఆవిడ కొడుకు మర్నాటికి కూలీలను పురమాయించాడు. "వాడి ఇల్లు, వాడి ఇష్టం" అంటూనే పిన్ని బండను అరచేత్తో నిమురుతోంది. కొత్తకోడలిగా ఆవిడ మొదట కాలు పెట్టింది ఆ బండ మీదే.

అప్పుడు చెప్పాను. 50 కోట్ల ఏళ్ళకు మునుపే ఈ పల్నాడు సముద్రపు అడుగు. నీళ్ళలోని సున్నం పొర మీద పొరగా దిగి రాయి అయింది. అందుకే పలుగు తగిలిస్తే పలకలుగా లేస్తుంది. నాగార్జునకొండలో 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల శిల్పులు బుద్ధుడి కథలు చెక్కిందీ ఇలాంటి సున్నపురాతి మీదనే.

"చింతపండు పులుసు ఒలికితే బండ మెరుపు పోతుందని నన్ను తిట్టేదానివి గదా పిన్నీ! పులుపుకు కరిగేది ఆ సున్నమే."

"చేపలుండేవా?"

"అప్పటికి చేపలు పుట్టనే లేదు."

పిన్ని వేలు తడిచేసి బండకు రాసి, నాలుకకు తాకించుకుంది.

"ఉప్పు లేదేమిరా?" అని, తనే మళ్ళీ, "ఇన్నేళ్ళు తుడిచాను గదా, పోయుంటుందిలే" అంది.

తెల్లవారి కూలీలు వచ్చేసరికి అరుగు నడుమ చాప పరుచుకుని పడుకుని ఉంది. తమ్ముడు కాసేపు తల గోక్కుని, వాళ్ళకు టీ ఇప్పించి పంపేశాడు.