గట్టు దాటే ఓటు

పలాస స్టేషన్‌లో దిగి కాశీబుగ్గ వైపు నడిచేవాళ్లను ముందుగా పలకరించేది జీడిపిక్కల వాసన. వీధికొకటి అన్నట్టుండే జీడి పరిశ్రమల్లో ఆడవాళ్లు వరుసగా కూర్చుని పెంకు కొడతారు, పొట్టు తీస్తారు, గుండు పప్పు ఒక పక్కకు, బద్ద ఒక పక్కకు, ముక్క ఇంకో పక్కకు ఏరి పోస్తారు. చెయ్యి ఆగదు, నోరూ ఆగదు. ఎన్నికల ఏడు వచ్చిందంటే అక్కడ ఏరేది పప్పొక్కటే కాదు. టికెట్ ఎవరికొస్తుంది, ఎవరికి ఎగ్గొడతారు, ఎగ్గొడితే ఆయన మనుషులు ఎటు పోతారు... అన్నీ అక్కడే తేలిపోతాయి.

ఈ మూడో ప్రశ్నే అసలైన ప్రశ్న. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రాజకీయాల్లో ఇంట గెలవడమంటే సొంత పార్టీలో టికెట్ సాధించడం. ఆ ఇంటిపోరు ముదిరి పాకాన పడ్డాక, ఓడినవాడి వెనక ఉన్న ఓటరు ఏం చేస్తాడు? గుర్తు చూసి గుద్దేస్తాడా, గట్టు దాటి అవతలి చేలోకి పోతాడా? పలాస, టెక్కలి, ఉద్దానం తీరం ఈ ప్రశ్నకు డెబ్బై ఏళ్లకు పైగా రకరకాల జవాబులు చెబుతూనే ఉన్నాయి.

ఉద్దానమంటే ఉద్యానవనమే. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... సముద్రానికీ మహేంద్రగిరి కొండలకూ మధ్య పచ్చటి పట్టీ. కొబ్బరి, జీడిమామిడి, పనస. మధ్య మధ్య బీల నేలలు, తంపర భూములు. తోట సొంతమైతే మనిషికి కొంచెం ధీమా ఉంటుంది, కొంచెం పట్టుదలా ఉంటుంది. మందస జమీందారు మీద రైతులు తిరగబడ్డదీ, అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగిందీ 1940లోనే. ఇలాంటి చోట ఓటరును ఏ పార్టీ అయినా తన జేబులో ఉన్నాడనుకుంటే అది పార్టీ అమాయకత్వం.

మనిషి వెంట నడిచారు

మొదటి పెద్ద కథ 1951 నాటిది. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ. ఒక వైపు ఆచార్య రంగా, మరో వైపు నీలం సంజీవరెడ్డి. పార్టీ లోపల జరిగిన ఎన్నికే అయినా బయటి ఎన్నికలను మించిన కసితో సాగింది. రంగా ఓడిపోయారు. ఆ చేదు ఎంతదాకా పోయిందంటే, ప్రకాశం పంతులు ఒక దారి, రంగా ఒక దారి పట్టి ఇద్దరూ కాంగ్రెస్‌ను వీడారు. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. బారువకు చెందిన గౌతు లచ్చన్న ఆయన వెంట నడిచారు.

అప్పటిదాకా ఉద్దానంలో కాంగ్రెస్ అంటే స్వాతంత్ర్యం, గాంధీజీ, జైలు. ఆ పార్టీని వదిలిన మనిషికి ఓటేస్తారా? 1952లో సోంపేట ఓటర్లు వేశారు. లచ్చన్న మద్రాసు శాసనసభకు వెళ్లారు. వాళ్ల లెక్క సులువుగా అర్థమవుతుంది. జైలుకు వెళ్లినవాడు ఈయన, రైతు కోసం, గీత కార్మికుడి కోసం కొట్లాడినవాడు ఈయన. మనిషి ఇక్కడే ఉన్నాడు, జరిగిపోయింది పార్టీయే!

ఆ తర్వాత ఆయన పార్టీల పేర్లు మారుతూనే వచ్చాయి. కృషికార్ లోక్ పార్టీ పోయి స్వతంత్ర పార్టీ వచ్చింది, ఆపైన జనతా. 1967లో లచ్చన్న సోంపేట అసెంబ్లీతోపాటు శ్రీకాకుళం లోక్‌సభ స్థానమూ గెలిచి, లోక్‌సభ స్థానాన్ని రంగా కోసం వదులుకున్నారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు పెద్దమనిషిని శ్రీకాకుళం ఓటర్లు ఢిల్లీకి పంపారు. ఎప్పుడో 1951లో ఇంటిపోరులో ఓడినాయనకు పదహారేళ్ల తర్వాత దక్కిన మర్యాద అది. మాట నిలబెట్టుకోవడం అంటే ఇక్కడ అంత గట్టిగా ఉంటుంది మరి.

రెండో కథ టెక్కలి దగ్గరిది. నిమ్మాడకు చెందిన కింజరాపు ఎర్రన్నాయుడు హరిశ్చంద్రపురం నుంచి 1983లో, 1985లో తెలుగుదేశం తరఫున గెలిచారు. 1989లో పార్టీ టికెట్ దక్కలేదు. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు, గెలిచారు. సైకిల్‌కు అలవాటు పడిన వేళ్లు ఆ ఒక్కసారికి వేరే గుర్తును వెతుక్కున్నాయి. 1994లో మళ్లీ ఆయన సైకిల్ మీదే వచ్చారు, ఓటర్లూ తిరిగొచ్చారు. గట్టు దాటడం వేరు, ఊరు విడిచిపోవడం వేరు. ఈ తేడా పట్టుకోలేకే చాలామంది విశ్లేషకులు బోల్తా పడుతుంటారు.

ఒకే ఏడు, రెండు తీర్పులు

1994లో ఎన్టీఆర్ హిందూపురంతోపాటు టెక్కలి నుంచి కూడా నిలబడి రెండు చోట్లా గెలిచారు. హిందూపురం ఉంచుకుని టెక్కలిని వదులుకున్నారు. అయినా అన్నగారు మన ఎమ్మెల్యే అన్న గర్వం టెక్కలికి మిగిలింది. ఏడాది తిరగకుండానే 1995 ఆగస్టులో పార్టీ రెండు ముక్కలైంది. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు. తెలుగుదేశం చరిత్రలో అంతకు మించిన ఇంటిపోరు లేదు.

టెక్కలి నుంచి లోపలికి, ఒడిశాలోని పర్లాకిమిడికి ఆనుకుని ఉంటుంది పాతపట్నం. 1996లో అక్కడ ఉప ఎన్నిక వచ్చింది. ఎన్టీఆర్ తెలుగుదేశం తరఫున లక్ష్మీపార్వతి నిలబడ్డారు. సైకిల్ గుర్తు అవతలి వర్గానికి పోయింది, ప్రభుత్వమూ అవతలి వర్గానిదే. అయినా ఆమే గెలిచారు. అదే ఏడాది శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో ఎర్రన్నాయుడు సైకిల్ గుర్తు మీద గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద లోక్‌సభ ఎన్నికల్లో లక్ష్మీపార్వతి పార్టీకి ఒక్క సీటూ రాలేదు.

ఒకే జిల్లా, ఒకే ఏడాది, ఇంటిపోరులో తలపడిన రెండు వర్గాలకూ గెలుపు! చిత్రంగా తోస్తుంది. కానీ ఓటరు వైపు నుంచి చూస్తే తిరకాసేమీ లేదు. ఢిల్లీకి పంపేటప్పుడు పని చేయించగల మనవాడెవరని చూస్తారు. ఉప ఎన్నికలో ప్రభుత్వం మారదు. మనసులో ఉన్న మాట చెప్పడానికి అంతకంటే వీలైన ఓటు ఉండదు. పెద్దాయనకు జరిగింది బాగోలేదని చెప్పాలనుకున్నవాళ్లు చెప్పేశారు. జాలి ఓటు అని దాన్ని తేలిగ్గా తీసిపారేయడం సబబు కాదు. తమ ఇంట్లో పెద్దకు అవమానం జరిగితే పెట్టుపోతల దగ్గర ఎలా తేల్చుకుంటారో, ఓటు దగ్గరా అలాగే తేల్చుకున్నారు.

టెక్కలి 2009లో ఇలాంటిదే ఇంకోటి చూసింది. కాంగ్రెస్ నుంచి గెలిచిన కొర్ల రేవతీపతి ఫలితాలొచ్చిన కొద్ది వారాలకే చనిపోయారు. ఉప ఎన్నికలో ఆయన భార్య భారతి గెలిచారు. అయితే అక్కడ గట్టు దాటాల్సిన అవసరం రాలేదు.

గట్టు దాటించే కారణాల్లో పైకి చెప్పుకోనిది ఒకటుంది. పార్టీ లోపల తన నాయకుడిని తొక్కి టికెట్ తెచ్చుకున్నవాడు గెలిస్తే ఇక పదేళ్లు వాడిదే రాజ్యం. గ్రామంలో వాడి వర్గానిదే మాట, రోడ్డు పని వాళ్లకే, రేషన్ డిపో వాళ్లకే. అవతలి పార్టీ గెలిస్తే అయిదేళ్లు ఓర్చుకుంటే చాలు, మళ్లీ మన నాయకుడి వంతు రావచ్చు. అంటే సొంత పార్టీ ఓటమి మీద పెట్టే పెట్టుబడన్న మాట! ఇది ద్వేషం కాదు, కోపం కూడా కాదు. నికార్సయిన వ్యాపారం లెక్క. ఈ ఓటు వేసినవాడు ఫలితాల రోజు అందరికంటే ముందు తల పట్టుకుని విచారం నటిస్తాడని ఊళ్లలో హాస్యం.

టెక్కలికి దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది. ఏటా శీతాకాలానికి ముందే దూరాల నుంచి పెలికాన్లు, కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. వచ్చి వెళ్లేవాళ్ల మీద ఈ నేలకు కోపముండదు. నాయకులు పార్టీ మారితే ఫిరాయింపు అని పత్రికలు రాస్తాయి గానీ, ఇక్కడి రచ్చబండ దగ్గర అడిగేది వేరే. వెళ్లినవాడు ఊళ్లో పెళ్లికొచ్చాడా, చావుకొచ్చాడా?

రెండు మిషన్లు, రెండు మనసులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తాతలనాటి కొబ్బరి తోటలు నేలకొరిగాయి. జీడిమామిడి వేళ్లతో లేచిపోయింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది. సరిగ్గా ఆరు నెలలకు, 2019 ఏప్రిల్ 11న పోలింగ్. ముఖ్యమంత్రి పలాసలోనే మకాం వేసి సహాయం చూసుకున్నా, పరిహారం జాబితాలో ఎవరి పేరుంది, ఎవరిది లేదు అన్న గొడవ ఊరూరా నడిచింది.

ఆ ఎన్నికలో పలాసలో గౌతు లచ్చన్న మనవరాలు శిరీష తెలుగుదేశం తరఫున నిలబడి, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి, మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన వైద్యుడు సీదిరి అప్పలరాజు చేతిలో ఓడిపోయారు. అప్పుడే ఈ తీరం ఇంకో విచిత్రం చూపించింది. శ్రీకాకుళం లోక్‌సభ పరిధిలో ఏడు అసెంబ్లీ సీట్లుంటే అయిదు ఫ్యాన్ గుర్తుకు పోయాయి. టెక్కలి, ఇచ్ఛాపురం మాత్రమే సైకిల్‌కు మిగిలాయి. మరి ఎంపీ? ఎర్రన్నాయుడి కొడుకు రామ్మోహన్ నాయుడే మళ్లీ గెలిచారు, 6,653 ఓట్ల తేడాతో. పక్కపక్కనే ఉన్న రెండు మిషన్లలో ఒకదాని మీద ఫ్యాను, ఇంకోదాని మీద సైకిలు నొక్కి బయటికొచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారన్నమాట. క్రాస్ ఓటింగ్ అంటారు దాన్ని. తండ్రి 2012లో రోడ్డు ప్రమాదంలో పోయాడు, కుర్రాడు పార్లమెంటులో బాగా మాట్లాడతాడు అన్న అభిమానం ఒక పక్క, రాష్ట్రంలో ప్రభుత్వం మారాలన్న కోరిక ఒక పక్క. రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి.

ఉద్దానాన్ని దశాబ్దాలుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బు సంగతి దేశమంతా ఎరుగుదురు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి తెచ్చిన మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. అయిదు నెలల తర్వాత ఎన్నికలు. ఆసుపత్రి కట్టిన పార్టీకే ఓటు పడుతుందని చాలామంది లెక్క వేశారు. పలాసలో శిరీష గెలిచారు. మేలు మరిచారని కొందరు నిష్ఠూరమాడారు. ఆసుపత్రి హక్కు, ఓటు వేరు అని ఓటరు అనుకుని ఉంటాడని మాత్రం వాళ్లకు తట్టలేదు.

2024లో పోరు రెండు పార్టీల ఇళ్లలోనూ ఉంది. టెక్కలిలో వైఎస్సార్ కాంగ్రెస్ 2019లో పేరాడ తిలక్‌ను అసెంబ్లీకి, దువ్వాడ శ్రీనివాస్‌ను లోక్‌సభకు నిలిపింది. 2024లో ఇద్దరినీ అటూ ఇటూ మార్చింది. అంతకుముందు నియోజకవర్గ ఇన్‌ఛార్జి విషయంలోనూ మార్పులు జరిగాయి. ఆ పార్టీలోనే ఉన్న మాజీ కేంద్ర మంత్రి కిల్లి కృపారాణి కాంగ్రెస్‌కు వెళ్లి టెక్కలి నుంచే పోటీ చేశారు. 2009లో ఎర్రన్నాయుడినే ఓడించిన ఆమెకు ఈసారి పాత ఓట్లు తిరిగి రాలేదు. టెక్కలిలో అచ్చెన్నాయుడు, లోక్‌సభకు 3,27,901 ఓట్ల ఆధిక్యంతో రామ్మోహన్ నాయుడు గెలిచారు.

తెలుగుదేశంలోనూ అలకలు తక్కువేం కావు. పాతపట్నంలో కలమట వెంకటరమణను కాదని మామిడి గోవిందరావుకు, శ్రీకాకుళంలో గుండ లక్ష్మీదేవిని కాదని గొండు శంకర్‌కు టికెట్లిచ్చారు. మామూలుగా అయితే గట్టు దాటాల్సిన ఓట్లే. దాటలేదు, ఇద్దరూ గెలిచారు. అవతలివాడిని దించాలన్న పట్టుదల ఎక్కువున్న ఏడు ఇంటిగొడవ ఇంట్లోనే ఉండిపోతుంది.

అమెరికాలో ఈ ఇంటిపోరుకు ఓటరే తీర్పరి. ప్రైమరీ ఎన్నికల్లో పార్టీ అభ్యర్థిని జనమే ఎంచుకుంటారు. అయినా గొడవ తప్పదు. 2008లో హిల్లరీ క్లింటన్ ఓడాక ఆమె అభిమానుల్లో కొందరు ఒబామాకు వేయం పొమ్మన్నారు. చివరికి ఒబామా సునాయాసంగానే గెలిచారు. 2016లో బెర్నీ శాండర్స్‌ను కోరుకున్నవాళ్లలో దాదాపు 12 శాతం మంది నవంబరులో ట్రంప్‌కు వేశారని తర్వాత ఒక పెద్ద సర్వే లెక్కతేల్చింది. అక్కడ తాము పాల్గొన్న పోటీలో ఓడామన్న కోపం. ఇక్కడ పాల్గొనే అవకాశమే లేదు. బీ ఫారం ఎవరి చేతికొస్తుందో హైదరాబాదులోనో అమరావతిలోనో తేలుతుంది. ఓటరు తన మాట చెప్పేది పోలింగ్ రోజునే.

ఇన్ని గట్లకూ మొదలు మాత్రం పంచాయతీలో ఉంటుంది. సర్పంచి ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. ఒకే పార్టీ మనుషులు ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. బావమరుదులు విడిపోతారు, తోటల మధ్య దారి మూసేస్తారు. అసెంబ్లీ ఎన్నికలొచ్చేసరికి ఇద్దరికీ ఒకే జెండా పట్టుకోమని పైనుంచి కబురొస్తుంది. ఒకరు పట్టుకుంటారు. రెండోవారు ఆ సాయంత్రం పలాసలో పిక్కల బస్తా తూకం ఉందని చెప్పి ఊరి నుంచి తప్పుకుంటారు.